తిరుగుడు పుట్టి

నేను తిన్నగా పోలేనన్న నింద ఇవాళ్టిది కాదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూడవచ్చిన డొమింగో పేస్ అనే పోర్చుగీసు ఆయన ఆనెగొంది దగ్గర తుంగభద్ర మీద మావాళ్లను చూశాడు. లోపల బెత్తం అల్లిక, పైన తోలు, గుండ్రటి ఆకారం, ఒక్కోటి పదిహేను ఇరవై మందిని మోస్తుంది, తప్పదంటే గుర్రాలనూ ఎద్దులనూ కూడా దాటిస్తుంది అని మంచిగానే రాసుకున్నాడు. అక్కడితో ఆగొచ్చు కదా! ఇవి మిగతా పడవల్లా నేరుగా పోవు, ఎంతసేపూ తిరుగుతూనే ఉంటాయని ఒక ముక్క తగిలించాడు. గుర్రాన్ని మోసిన సంగతి లోకం మరిచిపోయింది. తిరగడం మాత్రం మరువలేదు.

కృష్ణ ఒడ్డున సోమశిల రేవులో నన్నెక్కిన ప్రతి పట్నపాయనా రెండు ప్రశ్నలు అడిగేవాడు. మునగదు గదా? ఇట్ల తిరుగుతదేంది? నన్ను నడిపే మా పెద్దయ్య మొదటిదానికి ఎప్పుడూ జవాబు చెప్పలేదు. రెండోదానికి మాత్రం, "పుట్టి తిరుగుతలేదు సారూ, మీకే కండ్లు తిరుగుతున్నయ్" అనేవాడు.

అసలు సంగతి ఏమిటంటే నాకు ముందూ వెనకా లేవు. అంచు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నవాడు తెడ్డుతో ఎదుటి నీళ్లను తన వైపు లాక్కుంటే, ఆ దిక్కే నా ముందు. తెడ్డు కొంచెం పక్కకు పడిందా, నా ముందు మారిపోతుంది. కొత్త చేతికి నేను ఒకచోటనే గిరగిరా తిరుగుతాను. పెద్దయ్య చేతిలో కూడా తిరిగేదాన్నే గానీ, తిరుగుతూ తిరుగుతూ ఆవలి దరికి చేరేదాన్ని.

నా పుట్టుక గురించి చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు. 2016 కృష్ణా పుష్కరాలకు ముందటి సంవత్సరం, వెదురు బద్దలు చీరి అల్లి, కింద ప్లాస్టిక్ పట్టా, దాని మీద యూరియా బస్తాల గుడ్డ, మళ్లీ దాని మీద వేడి డాంబరు. నా ముత్తాతలకు ఎద్దు తోలు తొడిగేవారట. నాకు యూరియా సంచులు దక్కాయి. కాలాన్ని బట్టి బట్ట!

ఒకసారి ఒక చరిత్ర సారు ఎక్కి, నా బద్దలు తడిమి చూస్తూ, హెరోడోటస్ అనే గ్రీకు ఆయన సంగతి చెప్పాడు. ఆయన రెండున్నర వేల ఏళ్ల కిందట బాబిలోను పోయే నది మీద మా లాంటి గుండ్రటి తోలు పడవల్ని చూశాడట. సరుకుతో పాటు ఒక గాడిదను కూడా అందులో ఎక్కించేవారు. బాబిలోను చేరాక సరుకు అమ్మి, పడవ బద్దలూ గడ్డీ కూడా అక్కడే అమ్మి, తోళ్లు మాత్రం ఊడదీసి గాడిద మీద వేసుకుని నేల దారిన వెనక్కి పోయేవారు. ఎదురు ప్రవాహానికి పడవ రాదు కాబట్టి. సారు ఇది వింతగా చెప్పాడు. పెద్దయ్య నవ్వాడు. నాకు మాత్రం ఆ తోలు ఊడదీసే మాట దగ్గర మనసు చివుక్కుమంది. ఎందుకో తర్వాత చెబుతాను.

సముద్రం మాకు చాలా దూరం. కింద హంసలదీవి వైపు పడవలకు రోజుకు రెండుసార్లు పోటూ పాటూ ఉంటాయట. మాకు ఏడాదికి ఒక్కసారి. దానికి చంద్రుడితో పని లేదు. ఎగువన జూరాల గేట్లు ఎత్తి, అటు తుంగభద్ర కూడా పొంగితే శ్రావణ భాద్రపదాల్లో మాకు పోటు. దిగువన శ్రీశైలంలో కరెంటు తీసి, కాల్వలకు ఇంత, ఎత్తిపోతలకు ఇంత అని పంచుకున్నాక ఉగాది నాటికి పాటు. శ్రీశైలం జలాశయం నిండితే సముద్రమట్టానికి 885 అడుగులు. సముద్రం మొగం చూడని మేము కూడా దాని లెక్కలోనే బతుకుతున్నాం. రేవు ఒక్కచోట ఉండదు. పోటు వేళ గుడి కింది మెట్ల దగ్గర ఎక్కుతారు. పాటు వేళ బురదలో చెప్పులు చేతబట్టుకుని అంత దూరం దిగి రావాలి, నన్నూ ఈడ్చుకు రావాలి. మెట్ల దగ్గర పది రూపాయలకు బేరమాడిన మనిషే ఆ బురద నడిచాక గమ్మున ఇచ్చేస్తాడు.

ఈ పోటు ముందు నుంచీ లేదు. 1963లో నెహ్రూ వచ్చి శ్రీశైలం దగ్గర శంకుస్థాపన చేశాడు. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1955 డిసెంబరు 10న, నల్లగొండ సరిహద్దులో నాగార్జునసాగర్‌కు కూడా ఆయనే రాయి వేశాడు. ఆ రెండు ఆనకట్టలకూ మట్టి తవ్వింది, రాయి మోసింది చాలావరకు మా పాలమూరు లేబరే. పక్కన కృష్ణ పారుతుంటే చేనుకు చుక్క లేక, దేశమంతా తిరిగి వేరేవాళ్లకు కాల్వలు తవ్వినవాళ్లు. కొందరైతే తమ ఊరిని ముంచే కట్టకు తామే తట్ట మోశారు. ఎత్తిపోతలు పెట్టి ఈ నీళ్లను పాలమూరు చేలకు ఎక్కించడం మొదలైంది నిన్నగాక మొన్న.

1981లో శ్రీశైలం నీళ్లు పైకి వచ్చాయి. మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు పోయాయి. పోలీసులను వెంటబెట్టుకుని ఇళ్లు కూలగొట్టారు. లేవమంటే లేవలేదని, వేరే ఇల్లు చూపకుండానే. గుళ్ల విషయం వేరు. కూడవెల్లి దగ్గర కృష్ణా తుంగభద్రా కలిసేచోట ఉన్న చాళుక్యుల సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నంబరు వేసి విప్పి, బండ్ల మీద అలంపురం చేర్చి, అదే వరసలో మళ్లీ పేర్చారు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడినీ అట్లాగే ఎత్తుకు తెచ్చారు. మా సోమశిల సోమేశ్వరుడూ గట్టెక్కినవాడే. మంచిపనే, నాకేం కడుపుమంట లేదు. యాత్రికులు వస్తేనే నాకు బత్తెం. కానీ దేవుడి గోడకు పడిన నంబరు మనిషి గోడకు పడలేదు. మనిషికి పడిన నంబరు ఒకటే, 98.

ముంపు బాధిత కుటుంబానికి ఒక ఉద్యోగం అని 1986లో ఇచ్చిన జీవో నంబరు అది. ఆ కాగితాన్ని నేను ఎన్నిసార్లు మోశానో! ప్లాస్టిక్ కవర్లో చుట్టి, దాన్ని మళ్లీ రుమాలులో చుట్టి, నీళ్లు చిమ్మకుండా కడుపుకు అదుముకుని కూర్చునేవారు. అప్పటి యువకులు. ఇప్పుడు వాళ్ల కొడుకులకు కూడా నెత్తి నెరిసింది. కొందరికి కాల్వల మీద లష్కరు ఉద్యోగాలు వచ్చాయి. తమ ఊరిని ముంచిన నీళ్లకే కాపలా అన్నమాట. మిగిలినవాళ్లు ఇంకా ఆ కవరు తడవకుండా చూసుకుంటున్నారు.

ఒక అవ్వ ఉండేది. ఎక్కువ మాట్లాడేది కాదు. నీళ్లు తీసే కాలంలో, పూర్తిగా తీయక ముందే, ఏటా వచ్చేది. ఒక సొరకాయో, రెండు జొన్నరొట్టెలో పెద్దయ్యకు ఇచ్చి నాలో కూర్చునేది. నడి నీళ్లకు పోయాక, "జెర ఈడ ఆపు నాయినా" అనేది.

పెద్దయ్య తెడ్డు పైకి తీసేవాడు. నాకు లంగరు లేదు. ఆపితే ఏం చేస్తాను, మెల్లగా తిరుగుతాను. అవ్వ కూర్చున్నచోటి నుంచి లేవకుండానే నాలుగు దిక్కులూ చూసేది. "ఇటు మా దర్వాజ. ఇటు గచ్చుబాయి. ఇగో ఇటు పోచమ్మ, ఇటు మా చిన్నాయినోళ్ల గడ్డివాము." కిందికి చూస్తే ఏమీ కనబడదు. ఎర్రటి నీళ్లు, అంతే. గట్ల మీద ఆనవాళ్లు పట్టి, ఆ గుండుకు సూటిగా ఇది, ఈ మొరసు మిట్టకు సూటిగా అది, అని లెక్క కట్టుకునేది. పేస్ దొర ఆ రోజు నాలో ఉండి ఉంటే ఏం రాసేవాడో!

ఎండలు ముదిరి నీళ్లు బాగా తీసిన ఏడు, ఊరే బయటపడిందని తెలిసి పరుగున వచ్చింది. నేల మీద దిగి నడిచింది. ఏమీ దొరకలేదు. దర్వాజ లేదు, బాయి లేదు. నీళ్లు ముంచిన దానికన్నా ఒండ్రు ముంచింది ఎక్కువ. శ్రీశైలం జలాశయం కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 215 చిల్లర. ఆ తగ్గిన చోటంతా మట్టే. అందులో అవ్వ ఇల్లు కూడా ఒక లెక్క. ఆ ఒండ్రు మీద ఎవరో శనగ వేసుకున్నారు. అవ్వ ఆ చేను గట్టు మీద కాసేపు కూర్చుని, నాలుగు శనగ మొక్కలు పీక్కుని కొంగున కట్టుకుని వచ్చింది. పెద్దయ్య ఆ రోజు పైసలు తీసుకోలేదు. అవ్వ ఊరుకోలేదు, కోప్పడి మరీ ఇచ్చింది.

మా దగ్గర నీళ్లలో మునిగి కూడా గెలిచినవాడు ఒక్కడే, సంగమేశ్వరుడు. అలంపురం చేరినాయన కాదు, సోమశిలకు ఆవల, కర్నూలు వైపు ఉన్నాయన. ఏడు నదులు కలిసే చోటంటారు. లింగం రాయి కాదు, మొద్దు. ధర్మరాజు ప్రతిష్ఠ చేశాడని చెప్పుకుంటారు. గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ల కిందనే. పాటు వచ్చినప్పుడు ముందు శిఖరం తేలుతుంది, తర్వాత గోడలు, చివరికి గర్భగుడి. పూజారి బురద కడిగి దీపం పెడతాడు. ఆ కొద్దికాలం మాకు పండగ. శిఖరం చుట్టూ నేను తిరుగుతుంటే భక్తులకు ప్రదక్షిణం ఉచితం. నా తిరుగుడును ఎవరూ తప్పుపట్టని చోటు అదొక్కటే.

అటు పోతే ఇంకో రాష్ట్రం. ఈ హద్దు కూడా మాకు పోటూ పాటూ లాంటిదే. నిజాం రోజుల్లో ఇవతల హైదరాబాదు రాజ్యం, అవతల ఇంగ్లీషువాళ్ల కర్నూలు జిల్లా. 1947, 48లో రజాకార్ల భయానికి నది దాటి యూనియన్ వైపు పోయినవాళ్లను, చంకన పిల్లనూ చేతిలో చెంబునూ పట్టుకున్నవాళ్లను, ఈ ఒడ్డుల పుట్లే రాత్రిపూట దాటించాయి. దీపం పెట్టుకుంటే పట్టుబడతారు, చప్పుడైతే కాల్పులు. తెడ్డు నీళ్లలో చప్పుడు కాకుండా తిప్పడం మావాళ్లు అప్పుడే నేర్చారని పెద్దయ్య తండ్రి చెప్పేవాడట. 1956లో హద్దు చెరిగింది. 2014లో మళ్లీ వచ్చింది. అయినా ఇవతలి పిల్లను అవతల ఇస్తూనే ఉన్నారు, పెండ్లి సామాను నా మీదనే పోయేది. ఒకసారి బీరువా ఎక్కించారు. గుర్రం కంటే అది కష్టం. గుర్రం కనీసం తానుగా నిలబడుతుంది.

మా చుట్టాలు ఈ నది పొడుగునా ఉన్నారు. ఎగువన మక్తల్ దగ్గర పంచదేవ్ పహాడ్ రేవులో ఉన్నవాళ్లది రాజభోగం. కురుమగడ్డ దీవిలో శ్రీపాద శ్రీవల్లభుల క్షేత్రానికి యాత్రికులను దాటిస్తారు. ఎక్కేవాళ్లంతా దణ్ణం పెట్టి ఎక్కుతారు, ఎవరూ మునగదు గదా అని అడగరు. దిగువన సాగర్ నీళ్లలో పెద్ద లాంచీలు. అవి నాగార్జునకొండకు పోతాయి. 1954 నుంచి ఆరేళ్లు తవ్వి, ఇక్ష్వాకుల విజయపురిని మునగక ముందే బయటకు తీసి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదా అనుపులోనూ మళ్లీ నిలబెట్టారు. ఆ కొండ ఇప్పుడు దీవి. దానికి ఎదురుగా నల్లగొండ వైపున్న ఏలేశ్వరం పేరు మాత్రం తక్కువమందికి తెలుసు. అదీ పాతకాలపు ఊరే, అదీ మునిగింది. గట్టు మీద మల్లన్న మిగిలాడు. శివరాత్రికి జనం పడవలెక్కి పోతారు. లాంచీలో కుర్చీలుంటాయట, గొట్టంలో చరిత్ర చెబుతారట. మా దగ్గర చరిత్ర చెప్పేది పెద్దయ్య. ఊపిరి పట్టుకుని తెడ్డు వేస్తూ, మధ్యలో బీడీ కోసం ఆగుతూ.

ఒక్క సంగతి చెప్పకుండా దాటేయడం నాకు చేతకాదు. నది మంచిదే, కానీ నమ్మదగింది కాదు. 2007 జనవరిలో సింగోటం నరసింహస్వామి జాతరకు వచ్చే జనంతో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మందికి పైగా పోయారు. 2009 అక్టోబరులో కృష్ణా తుంగభద్రా ఒకేసారి విరుచుకుపడి శ్రీశైలంలో నీటిమట్టం 896 అడుగులు తాకింది. నిండు మట్టం కంటే పదకొండు అడుగులు ఎక్కువ. కర్నూలు మునిగింది, అలంపురం మునిగింది. ఇవి నేను పుట్టక ముందటివి. కానీ మంచాలకట్ట పేరు వినగానే నడి నీళ్లలో అందరూ మాట ఆపేసేవారు. ఆ మౌనం బరువు నాకు తెలుసు. అందుకే ఎంతమంది ఎక్కుతామన్నా పెద్దయ్య ఒక లెక్క దాటనిచ్చేవాడు కాదు. ఫోటోకు నిలబడిన ఒక కుర్రవాడిని చొక్కా పట్టి కూర్చోబెట్టి, వాళ్ల నాయనతో తిట్లు తిన్నాడు కూడా.

నా ఆయువు మొదటి నుంచీ తక్కువే. ఏటా ఎండాకాలం బోర్లా వేసి, పగిలిన చోట డాంబరు పూసేవారు. ఒక ఏడు పూయలేదు. ఊరకే మరిచిపోయారనుకున్నాను. తర్వాత రేవులో నీలం రంగు ఫైబరు పుట్టి దిగింది. నున్నగా, తేలిగ్గా, డాంబరు అక్కర లేకుండా. అదీ గుండ్రంగానే ఉంది, అదీ తిరుగుతుంది, కానీ దాన్ని ఎవరూ నిందించరు, కొత్తది కదా. దాని పక్కన ఒక కుర్రవాడు థర్మాకోల్ పలక మీద కూర్చుని వల వేస్తున్నాడు. థర్మాకోల్! టీవీ పెట్టెలో వచ్చిన చెత్త కూడా నది మీదికి వచ్చి చేపలు పడుతున్నది, నేను గట్టు మీద ఎండుతున్నాను.

మొదట నన్ను చెట్టు కింద బోర్లించారు, "పనికొస్తది తీయ్" అని. మేకపిల్లలు ఎక్కి దుంకాయి. తర్వాత పిల్లలు డాంబరు గీకి లడ్డూల్లా ఉండలు చుట్టి ఆడుకున్నారు. ఒక వానకు ముందు పెద్దయ్య కొడుకు కత్తి తెచ్చి, నా పట్టా ఊడదీసి గడ్డివాముకు కప్పాడు. అప్పుడు గుర్తొచ్చింది హెరోడోటస్ చెప్పిన తోలు సంగతి. బాబిలోనులో కనీసం బద్దలను డబ్బులిచ్చి కొన్నారు. నా బద్దలను ఊరకే ఇస్తామన్నా ఎవరూ తీసుకోలేదు. పెద్దయ్య ఆ రోజు ఇంట్లో లేడు. వచ్చి చూసి ఏమీ అనలేదు. గడ్డివాము మీది పట్టా అంచుకు రాళ్లు పెట్టి సర్దాడు, గాలికి లేస్తుందని.

2022లో సోమశిల నుంచి ఆవలి సిద్ధేశ్వరానికి తీగల వంతెనకు కేంద్రం ఒప్పుకుందని రేవంతా పొంగిపోయింది. వెయ్యి కోట్లకు పైగా పెట్టి, మీద బండ్లు, కింద అద్దాల నడకదారి. కర్నూలు చుట్టి పోవాల్సిన బాధ తప్పి నంద్యాల దగ్గరవుతుంది. మంచాలకట్ట తర్వాత జనం అడుగుతూ వచ్చింది ఇదే, నేను కాదనలేను. బీరువాలు లారీలో పోతాయి. అవ్వ ఉంటే ఆ అద్దాల మీద నిలబడి కిందికి చూసేదేమో. పైనుంచి చూస్తే నీళ్లు ఇంకా ఎర్రగా కనబడతాయి. ఆమె ఇప్పుడు రావడం లేదు. ఎందుకని పెద్దయ్యను అడిగేవాళ్లూ లేరు.

పట్టా పోయాక నేను వట్టి బద్దల గూడుగా మిగిలాను. ఇంటి వెనక్కి దొర్లించి, కింద బూడిద పోసి, గుడ్ల మీద కోడిని కూర్చోబెట్టారు. పిల్లి రాకుండా నా మీద ఒక రాయి. కోడి నా గురించి ఏమీ అడగలేదు. తనకు గాలి తగిలితే చాలు.

మొన్న కోడలు నీళ్ల పొయ్యికి పుల్లలు లేవని నా వైపు చూసింది. "మామా, ఈ బద్దలు ఎండి కరకర అంటున్నయ్, ఇరగ్గొట్టనా?"

పెద్దయ్య వల కుట్టుకుంటూ తలెత్తలేదు. "పిల్లలు లేవనీ బిడ్డా. ఇంకా వారం ఉంది."